ఆపు, నొక్కి ఉంది

మీరు ఈ పనిలోకి కొత్తగా వస్తున్నారు కాబట్టి ముందే చెబుతున్నాను. ఈ ఉద్యోగంలో మీరు ఎక్కువ కాలం గడిపేది చాలా చిన్న వస్తువు దగ్గర. వెబ్ పేజీ మీద ఒక స్విచ్. నొక్కితే ఆన్, మళ్ళీ నొక్కితే ఆఫ్. టాగుల్ అంటారు. కళ్ళున్నవాళ్ళకు దాని రంగు మారుతుంది, అంతటితో సరి. చూపు లేని మనిషికి ఆ రంగు లేదు. తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంటుంది, స్క్రీన్ రీడర్ అని. అది ఏం పలికితే అదే ఆయనకు తెలుస్తుంది. పలకనిది లేనట్టే. తప్పుగా పలికితే తప్పే నిజమైపోతుంది.

ఉద్యోగంలో నేను ఎలా పైకొచ్చానో, ఎన్ని ఫైళ్ళు మోశానో మీకు పనికిరాదు. ఒక్క స్విచ్ సంగతి చెబుతాను. అందులోనే నేను నేర్చుకున్నది చాలావరకు ఉంది.

ఎవరూ అప్పగించని పని

మాది శ్రీకాకుళం. నాన్న మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరు. డిగ్రీ అయ్యాక కొన్నాళ్ళు మిషన్ బడిలో కంప్యూటర్ పాఠాలు చెప్పాను. తరవాత విజయనగరంలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి రిటైరయ్యే దాకా అక్కడే ఉన్నాను. రైసుమిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, రొయ్యల చెరువులు, ఇలాంటి చోట్ల మోటార్లను ల్యాప్‌టాప్ నుంచి నడుపుకునే పేజీలు మేము తయారు చేసేవాళ్ళం. పేజీ బయటికి వెళ్ళే ముందు దాన్ని పరీక్షించటం నా పని.

చూపు లేనివాళ్ళు కూడా వాడగలరా లేదా చూడమని నాకెవరూ చెప్పలేదు. బడిలో ఉన్నప్పుడు చూపు లేని టీచరు ఒకావిడ పక్కన కూర్చుని, ఆవిడ కంప్యూటర్‌ని ఎలా వింటుందో చూశాను. ఆ తరవాత ఏ పేజీ తయారైనా ఒకసారి చెవులతో విని చూడటం నాకు అలవాటైపోయింది.

మా యజమాని జగన్నాథరావు గారిది రాజాం. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. "అయిపోయిందా? అయిపోతే పంపించీండి" అనేవారు. నేను ఏదైనా లోపం చెబితే ఆయన అడిగే ప్రశ్న ఒకటే. "ఎస్తేరు గారూ, మన కస్టమర్లలో చూపు లేనోళ్ళు ఎంతమందండి?" ఉంటే ఒక్కరు ఉంటారేమో అనేదాన్ని. అది ఆయన్ని కదిలించేంత పెద్ద సంఖ్య కాదు.

ఒకరోజు ఆ ఒక్కరూ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చారు.

నాయుడు గారు

అప్పలనాయుడు గారికి కళింగపట్నం అవతల, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో రొయ్యల చెరువులు ఉన్నాయి. నీటికాసులు అనే కంటి జబ్బుతో నడివయసులో చూపు పోయింది. భార్య రమణమ్మ చెయ్యి పట్టుకుని వచ్చారు గానీ, కుర్చీలో కూర్చోగానే ఆ చెయ్యి వదిలేశారు. మాట కరుకు. మా పేజీని ల్యాప్‌టాప్‌లో తెరిచి నా ముందు పెట్టారు.

"అమ్మా, ఇది ఏటి? నొక్కితే నొక్కినట్టు సెప్పదు. నొక్కకపోతే నొక్కనేదనీ సెప్పదు. మా ఆడది పక్కనుంటేనే గానీ నా మోటారు నాను ఎయ్యలేకపోతన్నాను."

విని చూశాను. నిజమే. మా కుర్రాడు కిరణ్ ఆ స్విచ్‌ని ఒక బొమ్మలా గీశాడు. మౌసుతో నొక్కితే పనిచేస్తుంది. స్క్రీన్ రీడర్‌కి మాత్రం అక్కడ స్విచ్ ఉన్నట్టే తెలియదు.

చెరువు సంగతి తెలియనివాళ్ళకు ఒక మాట. రొయ్యల చెరువులో నీటిని చిలికి గాలి పట్టించే చక్రాలు ఉంటాయి. ఏరియేటర్లు అంటారు. అవి ఎక్కువసేపు ఆగితే రొయ్యలు చచ్చి తేలిపోతాయి. వాటికి కరెంటు ఉండగా మనిషి నీళ్ళలోకి దిగితే, తీగ ఎక్కడైనా ఒరుసుకుని ఉందంటే, మనిషే పోతాడు. అలా పోయినవాళ్ళ గురించి ఆ ఒడ్డున అందరికీ తెలుసు. అందుకే ఆన్‌లో ఉందా ఆఫ్‌లో ఉందా అన్నది అక్కడ చిన్న ప్రశ్న కాదు.

రమణమ్మ ఆ రోజు నాతో పక్కకు వచ్చి అంది. "సెరువులు మా తమ్ముడికి ఒగ్గీమంటన్నాను అమ్మా. ఇనడు. కళ్ళు పోయినా సేతులున్నాయంటాడు. నాకు బయంగా ఉంటాది."

నేను కిరణ్‌ని పిలిచి బొమ్మను తీసేసి నిజమైన బటన్ పెట్టమన్నాను. దాని స్థితి కూడా స్క్రీన్ రీడర్‌కి తెలిసేలా చెయ్యమన్నాను. కిరణ్ తెలివైనవాడు, చెయ్యి చురుకు. మర్నాటికల్లా చేసి చూపించాడు.

రెండూ మారితే

కిరణ్ చేసింది ఇది. మోటారు నడుస్తున్నప్పుడు బటన్ మీద "ఆపు" అని కనిపిస్తుంది, ఎందుకంటే అప్పుడు నొక్కితే ఆగుతుంది. ఆగి ఉన్నప్పుడు "నడుపు" అని కనిపిస్తుంది. చూసేవాళ్ళకు ఇబ్బంది లేదు, పక్కనే నడుస్తుంటే పచ్చరంగు, ఆగితే ఎర్రరంగు కనిపిస్తాయి. దీనికి తోడు, నేను అడిగాను కాబట్టి, మోటారు నడుస్తుంటే "నొక్కి ఉంది" అని, ఆగితే "నొక్కి లేదు" అని స్క్రీన్ రీడర్ చెప్పేలా చేశాడు.

విడివిడిగా చూస్తే రెండూ సరైనవే. కలిపి వినండి. మోటారు నడుస్తున్నప్పుడు ఆ బటన్ ఇలా పలుకుతుంది: "ఆపు, బటన్, నొక్కి ఉంది."

నేను కిరణ్‌తో అన్నాను. "పేరూ మారుస్తున్నావు, స్థితీ మారుస్తున్నావు. ఏదో ఒకటే మారాలి. ఇది గందరగోళంగా ఉంది."

"స్థితి చెప్పమన్నది మీరే కదా మేడం" అన్నాడు కిరణ్.

జగన్నాథరావు గారు మధ్యలో వచ్చారు. "మాటాడతందా లేదా? మాటాడతంది కదా. నాయుడు గారు పొద్దున్నుంచీ ఫోన్ చేసి తిడతన్నారు. పంపించీండి, మిగతాది నిదానంగా సూసుకుందాం."

పేజీ వెళ్ళిపోయింది.

కొత్తగా చేరేవాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. "గందరగోళంగా ఉంది" అన్న మాట ఏ ఆఫీసులోనూ ఎవర్నీ ఆపదు. గందరగోళం అంటే కొంచెం తల గోక్కోవటం అనుకుంటారు. దానివల్ల ఎవరు, ఎక్కడ, ఏం చేస్తారో చెప్పండి. అది చెప్పాలంటే ముందు మీరు వెళ్ళి చూడాలి.

నాకు "ఆపు", "నొక్కి ఉంది" అన్న ఆ రెండు మాటలూ చెవుల్లో మెదులుతూనే ఉన్నాయి. ఆ శనివారం సెలవు పెట్టి కళింగపట్నం బస్సెక్కాను.

గట్టు మీద

మబ్బు పట్టి ఉంది. గాలి లేదు. అలాంటి పూట రొయ్యలకు ఊపిరి అందదట, అందుకని చెరువుల్లో చక్రాలన్నీ తిరుగుతున్నాయి. ఊళ్ళో కరెంటు పోయి జనరేటరు మోగుతోంది. షెడ్డులో మాట వినపడాలంటే దగ్గరికి జరగాలి.

నాయుడు గారు ల్యాప్‌టాప్ ముందు ఒక చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని కూర్చున్నారు. నన్ను చూసి రమణమ్మ టీ పెట్టటానికి లేచింది. నేను కూడా వినాలని అడిగితే ఆయన ఇయర్‌ఫోన్ తీసేసి స్పీకరు పెట్టారు.

"ఇప్పుడు మాటాడతందమ్మా. బాగున్నాది. తిట్టినాను గానీ, మీవోడు మంచి పని సేసినాడు."

నేనేదో చెప్పబోతుండగా గట్టు మీంచి సింహాచలం కేక వేశాడు. సింహాచలం ఆ చెరువుల దగ్గర పనిచేసే మనిషి. కళింగపట్నంలో చేపల వేటకు వెళ్ళే కుటుంబం వాళ్ళది. నాలుగో చెరువు చక్రానికి పాత వల ముక్క చుట్టుకుని బిగిసిపోయింది. చక్రం తిరగటం లేదు. దిగి కోసెయ్యాలి.

"నాయుడు బావూ, నాలుగోది ఆపీసినావా?"

ఇక్కడ జాగ్రత్తగా వినండి. చక్రం బిగిసిపోయి ఉంది కాబట్టి గట్టు మీద నుంచి చూసేవాడికి కరెంటు ఉందో లేదో తెలియదు. మోటారు మూలుగు జనరేటరు మోతలో కలిసిపోయింది. మామూలుగా చక్రం బిగిస్తే మోటారు దానంతటది ఆగిపోవాలి, అలా ఆగేందుకు ఏర్పాటు ఉంటుంది. ఆ రోజు అది పనిచెయ్యలేదు. మిగతా రోజుల్లో నాయుడు గారు చక్రం చప్పుడు విని సరిచూసుకునేవారు, ఇప్పుడు ఆ చప్పుడూ అందదు.

నాయుడు గారు నాలుగో చెరువు బటన్ దగ్గరకు వెళ్ళారు. స్పీకరు పలికింది. "ఆపు, బటన్, నొక్కి ఉంది."

"దానంతటదే ఆగిపోనాది రా. ఆపు నొక్కే ఉన్నాది. దిగు" అని కేక వేశారు.

నేను ఆయన వెనక నిలబడి తెర చూస్తున్నాను. నాలుగో చెరువు పక్కన గుండ్రటి గుర్తు పచ్చగా వెలుగుతోంది.

"నాయుడు గారూ, అది నడుస్తోంది."

"ఆపు నొక్కి ఉన్నాదని సెప్పినాది కదమ్మా."

"పచ్చరంగు ఉందండి. మోటారు ఆన్‌లోనే ఉంది."

ఆయన చెయ్యి కీబోర్డు మీటల మీదికి వెళ్ళి ఆగిపోయింది. అలా ఆగిపోయిన చేతిని నేను ఇప్పటికీ మరిచిపోలేదు. నొక్కితే ఆగుతుందో, ఆగినది మొదలవుతుందో ఆయనకు తెలియదు. నేను చెప్పింది నమ్మాలో, యంత్రం చెప్పింది నమ్మాలో తెలియదు. ఈలోగా సింహాచలం కత్తి పట్టుకుని గట్టు దిగుతున్నాడు.

నేను గుమ్మంలోకి పరిగెత్తి "దిగొద్దు" అని అరిచాను. గట్టు కిందికి దిగిపోయాడు, జనరేటరు మోతలో అతనికి వినపడలేదు. మోకాళ్ళ దాకా నీళ్ళలో ఉన్నాడు, ఇంకో రెండు అడుగులు వేశాడు.

నా వెనక కుర్చీ పడిన చప్పుడు. నాయుడు గారు గోడ పట్టుకుని నడిచి, అన్ని మోటార్లకూ ఒకేసారి కరెంటు ఆపే మెయిన్ హ్యాండిల్ వెతికి కిందికి లాగేశారు.

అన్ని చెరువుల్లో చక్రాలూ ఒక్కసారి నెమ్మదించి ఆగిపోయాయి. సింహాచలం నీళ్ళలో అక్కడే నిలబడి మా వైపు తిరిగాడు.

"ఏటయినాది? ఎందుకు అన్నీ ఆపీసినారు?"

 రమణమ్మ టీ గ్లాసులు నేల మీద పెట్టేసి గట్టు దాకా వెళ్ళి అతని చెయ్యి పట్టుకుని పైకి లాగింది. తరవాత తాడు కట్టి చక్రాన్ని ఒడ్డుకు లాగారు. వల ముక్క తీగను ఒరిసి ఒరిసి నల్లటి తొడుగు ఊడిపోయింది. లోపల రాగి తీగ కనిపిస్తోంది. సింహాచలం దాన్ని కాసేపు చూశాడు. కత్తి గట్టు మీద పెట్టి, చొక్కా భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం

నాయుడు గారు నన్ను తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. మిగిలిన చక్రాలు మళ్ళీ వేయించాక ల్యాప్‌టాప్ మూసి రమణమ్మ వైపు జరిపారు.

"మీ తమ్ముడిని రమ్మను. సెరువులు ఆడే సూసుకుంటాడు."

ఇన్నాళ్ళూ ఆ మాట కోసమే పోరిన మనిషి రమణమ్మ. ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్‌ని మళ్ళీ ఆయన వైపే జరిపింది.

"మీ తప్పు కాదండి" అన్నాను.

"కళ్ళు పోయినప్పుడు నాను ఏడవనేదమ్మా. సెవులున్నాయి కదా అనుకున్నాను. ఇయ్యాల సెవుల్నే నమ్మి ఒక మనిషిని నీళ్ళలోకి తోసినాను. ఇంక నాకాడ ఏటి ఉన్నాది?"

బయటికి వచ్చి జగన్నాథరావు గారికి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. ఆయన మొదట కంగారుపడ్డారు, తరవాత తేరుకున్నారు.

"మనిషికేం కాలేదు కదా. దేవుడి దయ. పేజీలో ఒక హెచ్చరిక పెడదాం. అయినా ఎస్తేరు గారూ, ఆయన సరిగా వినుండరు."

"సార్, నేను ఇప్పుడు మీకొకటి వినిపిస్తాను. విని చెప్పండి. 'ఆపు, బటన్, నొక్కి ఉంది.' మోటారు ఆగిందా, నడుస్తోందా?"

"ఆగింది."

"నడుస్తోంది సార్."

ఫోనులో కుర్చీ జరిగిన చప్పుడు వినపడింది. 

"మళ్ళీ చెప్పండి" అన్నారు.

మళ్ళీ చెప్పాను.

"నేను పంపించీమన్నది ఇదేనా?"

"ఇదే సార్."

"కిరణ్‌ని సోమవారం అక్కడికే పంపిస్తాను. బాగుపడే దాకా మీ ఇద్దరూ అక్కడే ఉండండి."

ఇన్నేళ్ళలో ఆయన మీద నాకు చాలా ఫిర్యాదులు ఉన్నాయి. కానీ ఒకటి చెప్పాలి. తప్పు అర్థమయ్యాక దాన్ని ఇంకొకరి మీదికి తోసే మనిషి కాదు. అలాంటి యజమాని దొరికితే మీరు అదృష్టవంతులు. దొరక్కపోతే, ఆయనకు అర్థమయ్యే దాకా వినిపించటం కూడా మీ ఉద్యోగంలో భాగమే.

మార్చింది ఎంత

కిరణ్ వచ్చాడు. రాగి తీగ బయటపడిన ఆ చోటు చూపించాను. అక్కడే గట్టు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు. 

మార్చవలసింది చాలా కొంచెం. బటన్ పేరు ఎప్పుడూ మారకూడదు. అది ఏ వస్తువో చెప్పాలి, అంతే: "నాలుగో చెరువు ఏరియేటర్." అది ఎలా ఉందో స్థితి చెప్పాలి: "ఆన్" లేదా "ఆఫ్." పేరు స్థిరంగా ఉండి స్థితి మారితే వినేవాడికి అనుమానం ఉండదు. కళ్ళున్నవాళ్ళకు కనిపించే రాత కూడా అదే చేశాం. ఒకే బటన్ కంటికి ఒకటి, చెవికి ఇంకొకటి చెప్పకూడదు.

అంతా అయిందనుకుని నాయుడు గారిని బతిమాలి కూర్చోబెట్టాం. ఆయన మనసు లేకుండానే నొక్కారు. "నాలుగో చెరువు ఏరియేటర్, స్విచ్, ఆఫ్" అంది. చెరువులో చక్రం ఇంకా తిరుగుతూనే ఉంది. కాస్త ఆలస్యంగా ఆగింది. ఆ చప్పుడు ఆయన చెవిన పడింది.

"ఇది మళ్ళీ అబద్దం సెప్పినాది. మోటారు ఆగకముందే ఆగిందన్నాది."

"సార్, మీరు నొక్కగానే చెప్పేలా పెట్టాను, లేకపోతే ఆలస్యం అవుతుందని" అన్నాడు కిరణ్.

"నాను నొక్కింది నాకు తెలుసు బావూ. నా యేలు కదా. మోటారు ఏటి సేస్తందో అది సెప్పు. ఆలీసమైతే అవనీ."

కిరణ్ రాసినదంతా విప్పి మళ్ళీ రాశాడు. నొక్కగానే "వేచి ఉండండి" అంటుంది. మోటారుకు కరెంటు నిజంగా ఆగాక, అప్పుడే, "ఆఫ్" అంటుంది. మోటారు నుంచి జవాబు రాకపోతే "తెలియటం లేదు" అని చెబుతుంది. "తెలియటం లేదు" అని ఒప్పుకోవటం జగన్నాథరావు గారికి ఇష్టం లేదు, కస్టమరు నవ్వుతాడన్నారు. నాయుడు గారు నవ్వలేదు. ఆయన్ని మళ్ళీ కుర్చీలో కూర్చోబెట్టి, బావమరిదికి కబురు మాన్పించింది ఆ మాటే. తెలియనప్పుడు తెలియదనే యంత్రాన్ని, తెలుసని చెప్పినప్పుడు నమ్మవచ్చు.

సింహాచలం

కానీ సింహాచలం రాలేదు. అన్నదమ్ములతో కలిసి వేటకు పోతున్నాడని కబురు. నాయుడు గారు నన్నూ రమణమ్మనూ తీసుకుని కళింగపట్నం వెళ్ళారు. ఒడ్డున పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. లేవలేదు.

"ఒరే సింహాచలం, నాను అప్పలనాయుడిని."

"సూస్తన్నాను బావూ."

"పేజీ మార్పించినాను. రా, ఒకపాలి ఇను."

"నాకు పిల్లలున్నారు. నీ మాట మీద దిగినాను. నువ్వు ఆ డబ్బా మాట మీద సెప్పినావు. ఇంక ఆ డబ్బా మాట మీద నాను దిగను."

నాయుడు గారు ఇసకలో అతని పక్కన కూర్చున్నారు. "దిగొద్దు" అన్నారు. "డబ్బాని నమ్మి దిగమని నానూ సెప్పను. పెతీసారీ మెయిన్ లాగుదాం. ఆ మోటారు ఫీజు పీకి నువ్వే ఉంచుకో. కానీ రోజూ ఏసి తీసేది నానే. నానే సెయ్యాల. అది నాకు ఒగ్గు."

సింహాచలం మళ్ళీ వల బాగుచేసుకోవటం మొదలుపెట్టాడు. మేము తిరిగి వచ్చేశాం.

మీరు చేసే పనికి ఉన్న హద్దు ఇదే. మా పేజీ ఎంత బాగుపడినా, ఒక మనిషి ప్రాణాన్ని దాని మాట మీద పెట్టటం తప్పు. పేజీ నిజం చెప్పాలి. ప్రాణానికి అడ్డు మాత్రం ఇనప హ్యాండిలే ఉండాలి. కళ్ళున్నవాడు వాడినా సరే. ఈ మాట కస్టమరుకు చెప్పటానికి సిగ్గుపడకండి.

రెండు రోజుల తరవాత, నేనూ కిరణూ బయల్దేరబోతుంటే సింహాచలం గట్టు మీద కనిపించాడు. నాలుగో చెరువు చక్రానికి నాచు పట్టింది, తియ్యాలి. షెడ్డులోకి వచ్చి ల్యాప్‌టాప్ పక్కన నిలబడ్డాడు.

"సెప్పించు" అన్నాడు.

నాయుడు గారు నొక్కారు. "వేచి ఉండండి" అంది. చెరువులో చక్రం నెమ్మదించి ఆగింది. "నాలుగో చెరువు ఏరియేటర్, స్విచ్, ఆఫ్."

"ఇంకోపాలి."

మళ్ళీ వినిపించారు. సింహాచలం గోడ దగ్గరకు వెళ్ళి హ్యాండిల్ లాగి, నాలుగో చెరువు ఫీజు పీకి జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన చెరువులకు హ్యాండిల్ మళ్ళీ ఎత్తి, గట్టు దిగి నీళ్ళలోకి వెళ్ళాడు.

అతను నీళ్ళలో ఉన్నంతసేపూ నాయుడు గారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ల్యాప్‌టాప్ ముట్టుకోలేదు. రమణమ్మ గుమ్మంలో నిలబడి అతను ఎక్కడున్నాడో, ఏం చేస్తున్నాడో చెబుతూనే ఉంది. నాచు కోస్తన్నాడు. ఇటు తిరిగినాడు. వస్తన్నాడు.

సింహాచలం తడి కాళ్ళతో షెడ్డులోకి వచ్చాడు. జేబులోంచి ఫీజు తీసి, నాయుడు గారి చెయ్యి పట్టుకుని అరచేతిలో పెట్టాడు.

"ఇంక ఎయ్యి బావూ" అన్నాడు.